ఎం1 గరాండ్ కొనాలనుకుంటున్నా, తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి

పాలకొల్లు శ్రీను, ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. మా వీధి చివర ఒక అమెరికన్ పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి ఊరికి వెళ్లిపోతున్నాడు. గ్యారేజీ ఖాళీ చేస్తూ పాత దుప్పటిలో చుట్టిపెట్టిన ఎం1 గరాండ్ రైఫిల్ తీసి చూపించాడు. 1944లో వాళ్ల నాన్న నార్మండీ ఒడ్డున దిగినప్పుడు చేతిలో ఉన్నది ఇదేనట. 2,400 డాలర్లు అడుగుతున్నాడు. రెండు పెట్టెల తూటాలు ఊరికే ఇస్తాడట.

నాకు గ్రీన్ కార్డ్ ఉంది, సిటిజన్‌షిప్‌కి ఇంకా టైముంది. కాలేజీలో ఎన్‌సీసీ 22 రైఫిల్ తప్ప చేతిలో తుపాకీ పట్టింది లేదు. రెండో ప్రపంచ యుద్ధం అంటే మాత్రం చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఈ ధర న్యాయమేనా? గ్రీన్ కార్డ్ మీద కొనొచ్చా? కొంటే నిజంగా కాల్చొచ్చా, లేక చూసుకోవడానికేనా? ఇంట్లో ఇద్దరు పిల్లలు. మా ఆవిడ ఇప్పటివరకు "ఊఁ" అనలేదు, "వద్దు" అని కూడా అనలేదు.

ఒహాయో రమణ

శ్రీనూ, కథ విని డబ్బులివ్వకు, ఇనుము చూసి ఇవ్వు. అమ్మేవాళ్లలో సగం మంది చెప్పేది నార్మండీ, మిగతా సగం జపాన్ దీవి ఇవో జిమా. పెద్దాయన అబద్ధం ఆడుతున్నాడని కాదు, వాళ్ల నాన్న చెప్పిందే ఆయన చెబుతుండొచ్చు. అయినా ఆనాటి సైనికుడు తన రైఫిల్ తిరిగి అప్పజెప్పి ఇంటికి రావాల్సిందే. పౌరుల చేతుల్లో ఉన్న గరాండ్లలో చాలావరకు తర్వాత ప్రభుత్వం అమ్మినవో, విదేశాల నుంచి తిరిగొచ్చినవో.

ముందు మూడు ఫోటోలు పెట్టు. గురి చూసే వెనక సైటు వెనకాల, రైఫిల్ ప్రధాన లోహభాగమైన రిసీవర్ మీద చెక్కిన అక్షరాలు, వాటి కింద సీరియల్ నంబరు ఒకటి. కుడి పక్కన పిడి ఉన్న పొడవాటి కడ్డీని, అంటే ఆపరేటింగ్ రాడ్‌ని, వెనక్కి లాగి పట్టుకుంటే బ్యారెల్ కుడి పక్కన కనిపించే అక్షరాలు, నెల, సంవత్సరం రెండోది. చెక్క స్టాకు ఎడమ వైపు ఉన్న ముద్ర మూడోది. సీరియల్‌లో చివరి మూడంకెలు చెరిపేసి పెట్టు, అందరికీ కనిపించాల్సిన పని లేదు.

కొత్తవాళ్ల కోసం కొంచెం చెబుతా. దీన్ని తయారుచేసిన జాన్ గరాండ్ కెనడాలోని క్విబెక్‌లో పుట్టినవాడు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పనిచేశాడు. అమెరికా సైన్యం 1936లో దీన్ని తీసుకుంది. మిగతా దేశాల సైనికుల్లో ఎక్కువమంది ఒక్కో గుండుకీ చేత్తో బోల్ట్ లాగుతున్న రోజుల్లో, వీళ్లు ట్రిగ్గర్ నొక్కితే చాలు, నొక్కినప్పుడల్లా ఒకటి చొప్పున ఎనిమిది గుళ్లు వెళ్లేవి. సెమీ ఆటోమేటిక్ అంటే అదే. మొదట ఆయన 276 అనే చిన్న తూటాకి పది గుళ్ల రైఫిల్‌గా దీన్ని చేశాడు. గోదాముల నిండా 30-06 తూటాలుంటే కొత్త రకం ఎందుకని 1932లో అప్పటి సైన్యాధిపతి మెకార్థర్ కాదన్నాడు. అలా తూటా పెద్దదై ఎనిమిదికి దిగింది. మొత్తం 54 లక్షల దాకా తయారయ్యాయి. గరాండ్‌కి రాయల్టీ ఒక్క పైసా రాలేదు, పేటెంట్లన్నీ ప్రభుత్వానికే రాసిచ్చాడు. ఆయనకి లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు, అదీ పాసవలేదు. మనవాళ్లు స్టాక్ ఆప్షన్ల గురించి ఏడ్చేటప్పుడు నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఎడిసన్ కుర్రాడు, న్యూజెర్సీ

చట్టం సంగతి నేను చెబుతా. నేను లాయర్‌ని కాదు, కానీ ఇక్కడ ఈ కాగితాలతో తల బొప్పి కట్టినవాణ్ణి.

ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు సిటిజన్ లాగే కొనొచ్చు. డీలర్ దగ్గర 4473 అనే ఫారం నింపాలి. అందులో మీ ఏలియన్ నంబరు అడుగుతారు. తర్వాత ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్. టెక్సాస్‌లో ఇద్దరు ఆ రాష్ట్రం వాళ్లే అయితే డీలర్ లేకుండా చేతులు మార్చుకోవచ్చు. అయినా శ్రీను గారూ, మీరు మాత్రం ఇద్దరూ కలిసి లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లండి. కొద్దిగా ట్రాన్స్‌ఫర్ ఫీజు అవుతుంది, అంతే. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిన మనిషి ఇలాంటి విషయంలో కాగితం లేకుండా ఉండకూడదు.

ఇంకోటి, ఇది అందరికీ. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4, ఎల్1, బీ2 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. మినహాయింపులున్నాయి. మనవాళ్లకి పనికొచ్చేది అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. "షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చాం, ఎవరూ అడగలేదే" అని ఇక్కడే చాలామంది రాశారు. కౌంటర్లో ఉన్నవాడు అడగనంత మాత్రాన చట్టం మారదు, వీసా పోయేది మనదే. ఆఫీసు వాళ్లందరితో సరదాగా రేంజ్‌కి వెళ్లే ముందు ఇది చూసుకోండి.

మా న్యూజెర్సీలో అయితే రైఫిల్ కొనడానికి ముందు పోలీసుల దగ్గర ఐడీ కార్డు తీసుకోవాలి. ఆ యుద్ధంలోనే వాడిన ఎం1 కార్బైన్ పేరు మా రాష్ట్రం అసాల్ట్ ఫైర్‌ఆర్మ్స్ జాబితాలో ఉంది, గరాండ్ పేరు లేదు. పేరులో ఎం1 ఉంది కదా అని రెండూ ఒకటే అనుకోకండి.

వర్షిణి, బే ఏరియా

నాకు ఈ చర్చే నచ్చలేదు, చెప్పేస్తున్నా. ఇద్దరు పిల్లలున్న ఇంట్లోకి సరదా కోసం యుద్ధ ఆయుధం తెచ్చుకోవడం ఏంటండీ? చరిత్ర మీద ప్రేమ ఉంటే మ్యూజియంకి వెళ్లొచ్చు. స్కూళ్లలో జరుగుతున్నవి చూస్తూ కూడా సెమీ ఆటోమేటిక్ అన్న మాట ఇంత తేలిగ్గా ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

లక్ష్మి, అట్లాంటా

వర్షిణి గారూ, మీ భయం తీసిపారేసేది కాదు. నాకూ కూతురుంది. మా ఇంట్లో రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరే గదిలో వేరే తాళంలో. రెండు తాళాలూ నావే, మా ఆయనకి కూడా నంబరు తెలియదు. టెక్సాస్‌లో అయితే 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అది పెద్దవాళ్ల మీద క్రిమినల్ కేసే. శ్రీను గారూ, సేఫ్ ఇంటికొచ్చి గోడకి బిగించాకే రైఫిల్ ఇంటికి రావాలి. ఆ వరస తప్పితే నేను కూడా వర్షిణి గారి పక్షమే.

మీ ఆవిడని కూడా ఒకసారి ఇక్కడికి పిలవండి. ఈ విషయాలు ఆడవాళ్లం మాట్లాడుకుంటే వేరుగా ఉంటుంది.

మోడరేటర్

గన్ కంట్రోల్ మీద వాదన కోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే నలభై పేజీలు నడిచింది. ఇక్కడ శ్రీను గారి ప్రశ్నకే పరిమితం అవ్వండి. వర్షిణి గారి పోస్టు తీయడం లేదు.

పాలకొల్లు శ్రీను

రమణ అన్నా, చూసొచ్చాను. రిసీవర్ మీద స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అని ఉంది. సీరియల్ 42 లక్షల్లో ఉంది. బ్యారెల్ మీద ఎస్-ఏ, పక్కన 5-52. స్టాకు ఎడమ పక్క గద్ద బొమ్మ, దాని పైన మూడు నక్షత్రాలు. చెక్క ముదురు రంగు, అక్కడక్కడా సొట్టలు. లోహం మీద ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. దిగుమతి చేసినట్టు కంపెనీ పేరు ఎక్కడా కనిపించలేదు.

ఒహాయో రమణ

అయితే నార్మండీ సంగతి తేలిపోయింది. యుద్ధం ముగిశాక 1945లో ఉత్పత్తి ఆపేశారు. 42 లక్షలతో మొదలయ్యే స్ప్రింగ్‌ఫీల్డ్ నంబర్లు కొరియా యుద్ధం కోసం మళ్లీ తయారీ మొదలుపెట్టాక వేసినవి. బ్యారెల్ మీద 5-52 అంటే 1952 మే. గద్ద, మూడు నక్షత్రాలు డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ ముద్ర. మూడు సైన్యాలనీ ఒక గొడుగు కిందికి తెచ్చిందే 1947 తర్వాత, ఆ ముద్ర 1944లో ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రైఫిల్ పుట్టేసరికి ఆయన నాన్న యుద్ధం నుంచి వచ్చి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

బాధపడకు, కాల్చేవాడికి ఇదే మంచి వార్త. 1950లలో చేసిన గరాండ్లు చాలా బాగుంటాయి. అప్పటికి లోపాలన్నీ సరిదిద్దారు. ఉదాహరణకి ఆపరేటింగ్ రాడ్‌నే చూడు, వంపు తిరిగే మూల దగ్గర అర్ధచంద్రాకారంలో చిన్న కోత ఉందేమో. తొలి రాడ్లు అక్కడే పగిలేవని తర్వాత ఆ కోత పెట్టారు. కోత లేని పాత రాడ్ కోసం పాత తుపాకులు సేకరించేవాళ్లు ఎగబడి కొంటారు, కానీ దాన్ని బిగించి కాల్చరు.

రిసీవర్, బ్యారెల్, స్టాకు మూడూ ఒకే కాలానివి కావడం కూడా మంచిదే. సైన్యం మరమ్మతు డిపోల్లో వందల రైఫిళ్లు విప్పి భాగాలు కుప్ప పోసి, చేతికొచ్చింది బిగించేవారు. అందుకే చాలా గరాండ్లలో విన్‌చెస్టర్ కంపెనీ బోల్టూ స్ప్రింగ్‌ఫీల్డ్ రిసీవరూ కలిసి ఉంటాయి, అది తప్పేమీ కాదు. అసలు భాగాలన్నీ ఏరి కూర్చి "ఒరిజినల్" అని ఎక్కువకి అమ్మేవాళ్లుంటారు, అదీ ఒక వ్యాపారం. ఇక ఇల్లినాయ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ పేరుతో ప్రైవేటు కంపెనీ ఒకటి ఉంది. ప్రభుత్వ ఆర్మరీ 1968లో మూతపడింది, దీనికీ దానికీ పేరులో తప్ప సంబంధం లేదు. ఆ కంపెనీ గరాండ్ల సీరియల్ 70 లక్షలు దాటి ఉంటుంది. నీది అది కాదు.

2,400 నార్మండీ కథ ధర. కథ తీసేసి బేరం మొదలుపెట్టు.

లక్ష్మి, అట్లాంటా

బేరానికి ముందు బ్యారెల్ కొలవాలి. గొట్టం లోపల గుండు బయల్దేరే చోట ఎంత అరిగిందో ఒక గేజ్, మూతి దగ్గర ఎంత అరిగిందో ఇంకో గేజ్ చెబుతాయి. మొదటిది 5 లోపు, రెండోది 3 లోపు ఉంటే ఏళ్ల తరబడి కాల్చుకోవచ్చు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర ఈ గేజ్‌లు ఉంటాయి. పాతవి శుభ్రం చేసేటప్పుడు ఇనుప కడ్డీ మూతి వైపు నుంచే తోసేవారు కాబట్టి చాలావాటిలో మూతే ముందు పోతుంది.

గన్‌స్మిత్‌ని ఇంకో మాట అడగండి, ఈ రిసీవర్ ఎప్పుడైనా కోసి అతికించిందా అని. సైన్యం పనికిరావని గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేసి తుక్కు కింద అమ్మిన రిసీవర్లని కొందరు వెల్డింగ్ చేసి రైఫిళ్లు కట్టి అమ్మారు. ముఖం ముందు పేలే పీడనానికి అలాంటి అతుకు ఆగుతుందని ఎవరు పూచీ ఇస్తారు? స్టాకు విప్పి చూస్తే అతుకు గీత, సాపు చేసిన గుర్తులు కంటికి కనిపిస్తాయి.

నాది సీఎంపీ దగ్గర కొన్నది. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని, సైన్యం దగ్గర మిగిలిన గరాండ్లని పౌరులకి అమ్మే సంస్థ. అలబామాలోని ఆనిస్టన్‌లో షాపు ఉంది, మాకు గంటన్నర ప్రయాణం. వరసగా ర్యాకుల నిండా రైఫిళ్లు, గోదాము గ్రీజు వాసన, ఒక్కోదానికీ గేజ్ అంకెలు రాసిన చీటీ. పెద్దవాళ్లు కొందరు ఒక్కో రైఫిల్ తీసి గంటలకొద్దీ చూస్తుంటారు, పట్టుచీరల షాపులో మా అత్తగారు కూర్చున్నట్టు. కానీ శ్రీను గారూ, సీఎంపీకి మాత్రం యూఎస్ సిటిజన్ అయి ఉండాలి, గ్రీన్ కార్డ్ చాలదు. దాంతోపాటు వాళ్ల అనుబంధ క్లబ్బులో సభ్యత్వం, కాల్చడంలో ఎక్కడైనా పాల్గొన్నట్టు రుజువు కావాలి. అక్కడ సర్వీస్ గ్రేడ్, అంటే మంచి స్థితిలో ఉన్న రకం, నేను చూసినప్పుడు వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ఉండేది. మీ బేరానికి ఆ అంకె పనికొస్తుంది.

పాలకొల్లు శ్రీను

లక్ష్మి గారూ, చాలా థాంక్స్. గన్‌స్మిత్ చూశాడు, గేజ్ 3, 2 వచ్చింది. అతుకులేమీ లేవు. పెద్దాయనకి బ్యారెల్ మీద తేదీ చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న దగ్గర ఇంకో రైఫిల్ ఉండేదేమోలే" అన్నాడు. చివరికి 1,300కి ఒప్పుకున్నాడు.

ఆయన ఊరికే ఇస్తానన్న తూటాలు 30-06వే, పెట్టె మీద గుండు బరువు 180 గ్రెయిన్లు, జింకల వేటకి అని ఉంది. వీటితోనే మొదలుపెట్టేదా?

లక్ష్మి, అట్లాంటా

వద్దు! వాటిని బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉన్న వేటగాడెవరికైనా ఇచ్చేయండి.

కారణం చెబుతా. గరాండ్ బ్యారెల్ మూతికి దగ్గరలో, అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే కొంత గ్యాస్ అందులోంచి వచ్చి ఆ పొడవాటి ఆపరేటింగ్ రాడ్‌ని వెనక్కి కొడుతుంది. రాడ్ బోల్ట్‌ని లాగుతుంది, కాలిన తూటా ఖాళీ ఇత్తడి కేసు బయటపడుతుంది, కొత్త తూటా ఎక్కుతుంది. ఈ లెక్కంతా 150 గ్రెయిన్ల పాత సైనిక తూటాకి కట్టింది. వేట తూటాల్లో బరువైన గుండుకి నిదానంగా మండే మందు వాడతారు. గుండు మూతి దాకా వచ్చినా మందు ఇంకా గట్టిగానే తోస్తూ ఉంటుంది, ఆ రంధ్రం దగ్గర పీడనం ఎక్కువైపోతుంది. రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ గాడిలోంచి జారిపోతుంది. మంచి రాడ్ ఈరోజుల్లో తక్కువకి దొరకదు.

పెట్టె మీద ఎం1 గరాండ్ కోసం అని రాసినవే కొనండి. హార్నడీ 168 గ్రెయిన్లది చేస్తుంది, సెర్బియా నుంచి ప్రీవీ పార్టిజాన్ 150 గ్రెయిన్లది వస్తుంది. ఒక్కోటీ డాలరు పైనే పడుతుంది. అందుకే నేను రేంజ్‌లో నిదానంగా కాలుస్తా. గన్ షోలో మిలటరీ మిగులు అని చూపిస్తే తూటా అడుగున ఉండే ముద్రలో సంవత్సరం చూడండి. 1950ల మొదటి సంవత్సరాల దాకా చేసిన అమెరికన్ తూటాల్లో మందుని అంటించే ప్రైమర్ కాలాక ఉప్పులాంటి పదార్థం మిగిలిపోయేది, ఆ సాయంత్రమే నీళ్లతో కడగకపోతే బ్యారెల్ తుప్పు పట్టిపోతుంది.

మాధవరం మిలటరీ

పిల్లలూ, నేను మాజీ సైనికుణ్ణి, పశ్చిమ గోదావరి మాధవరం. మా ఊళ్లో ఇంటికొకడు ఆర్మీలో చేసినవాడే. మేము వాడింది ఇషాపూర్‌లో చేసిన 1ఏ1 ఎస్‌ఎల్‌ఆర్, 7.62. ఇరవై గుళ్ల మ్యాగజైన్. దానికి గ్యాస్ రెగ్యులేటర్ ఉండేది, తూటా బట్టీ బురద బట్టీ తిప్పుకునేవాళ్లం. ఈ గరాండ్‌కి అది లేదా? ఇంత పేరున్న రైఫిల్‌కి రాడ్ వంగడమేంటి?

ఒహాయో రమణ

బాబాయ్ గారూ, మీ ఎస్‌ఎల్‌ఆర్ తల్లి అయిన బెల్జియం ఎఫ్ఏఎల్ వచ్చింది గరాండ్ తర్వాత, 1950లలో. ఆ తప్పులు చూసి నేర్చుకున్న తరం అది. గరాండ్ కాలంలో సైన్యానికి ఒకటే రకం తూటా, రెగ్యులేటర్ అక్కర్లేదనుకున్నారు. ఇప్పుడు బయట మార్కెట్లో గ్యాస్ కొంచెం వదిలేసే అడ్జస్టబుల్ ప్లగ్ దొరుకుతుంది, ముందున్న స్క్రూ తీసి దీన్ని బిగించడమే. శ్రీనూ, బిగిస్తే పాత ప్లగ్ పారేయకు, సంచిలో వేసి రైఫిల్‌తోనే ఉంచు. అమ్మేరోజు అది కావాలి.

సత్య, హైదరాబాద్

ఒక డౌట్ అన్నా. ఇలాంటిది ఇక్కడికి తెచ్చుకోవడం గానీ ఇక్కడ కొనడం గానీ కుదురుతుందా? మా తాతగారికి పొలం కాపలాకి 315 రైఫిల్ లైసెన్స్ ఉండేది.

ఎడిసన్ కుర్రాడు, న్యూజెర్సీ

ఆ ఆలోచనే వద్దు సత్యా. మీ తాతగారిది బోల్ట్ యాక్షన్ కాబట్టి కలెక్టర్ లైసెన్స్ ఇచ్చారు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మన ఆయుధ చట్టంలో మామూలు పౌరుడికి దొరికే రకం కాదు. పైగా 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే.

ఇక్కడున్నవాళ్లకి దీనికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. రేంజ్‌కి వాడే బ్యాగు, ప్యాంటు, జాకెట్ ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో ఒక్క తూటా మిగిలినా శంషాబాద్‌లో స్కానర్ పట్టేస్తుంది, ఆయుధ చట్టం కింద కేసు, పాస్‌పోర్ట్ ఇరుక్కుపోతుంది. తెలియక వచ్చిందన్న మాట తర్వాత కోర్టులో చెప్పుకోవాలి. కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం కూడా ఎవరికో చూపిద్దామని తీసుకెళ్లకండి.

పాలకొల్లు శ్రీను

డీలర్ దగ్గర ట్రాన్స్‌ఫర్ అయింది. సేఫ్ ముందే బిగించాం. మా ఆవిడ తాళం నంబరు తనే పెట్టింది, నాకు చెప్పింది, అది కూడా ఒక రాజీనే.

నిన్న ఊరి బయట ఓపెన్ రేంజ్‌కి వెళ్లాం. లోపలికి పోనిచ్చే ముందు కౌంటర్లో అబ్బాయి తూటా మొన దగ్గర అయస్కాంతం పెట్టి చూశాడు. లోపల ఉక్కు ఉంటే టార్గెట్ ప్లేట్లు, గట్టు పాడవుతాయట.

రైఫిల్ బరువు నాలుగు కిలోల పైనే, కూర్చుని ఆనించి పట్టుకుంటే భుజానికి అంత దెబ్బ అనిపించలేదు. చప్పుడు మాత్రం మామూలుగా లేదు, చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకున్నా పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు. ఖాళీ కేసులు ముందుకి, కుడి పక్కకి ఎగిరి పడుతున్నాయి. ఎనిమిదోది కాలగానే, ఎనిమిది తూటాల్నీ కలిపి పట్టి ఉంచే ఇనుప క్లిప్ "టింగ్" మని పైకి ఎగిరింది. మా ఆవిడ మొదటిసారి నవ్వింది అప్పుడే. వంద గజాల్లో గుళ్లన్నీ పేపర్ మీదే పడ్డాయి కానీ ఎడమ కింద మూలలో గుంపుగా. సైటు ఎలా తిప్పాలి? ఇంకా, ఆ టింగ్ విని జర్మన్లు పైకి లేచి కాల్చేవాళ్లు అంటారు, నిజమా?

ఒహాయో రమణ

సైటు రెండు పక్కలా గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి కదా. ఎడమది ఎత్తు, కుడిది పక్కకి. ఒక్కో క్లిక్‌కి వంద గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం కదులుతుంది. గుంపు ఎటు పోవాలో అటే సైటు జరగాలి. నీకు పైకీ, కుడికీ. మంచి తూటాతో మూడు నాలుగు అంగుళాల గుంపు వస్తే గరాండ్‌కి అది గౌరవమైన పనితనమే, ఈ కాలం రైఫిళ్లతో పోల్చి బెంగ పెట్టుకోకు.

టింగ్ సంగతి వదిలెయ్. చుట్టూ మెషిన్ గన్లు, ఫిరంగులు మోగుతుంటే యాభై గజాల అవతల క్లిప్ చప్పుడు ఎవడికి వినిపిస్తుంది? వినిపించినా పక్కనున్న మిగతావాళ్ల రైఫిళ్లు ఖాళీగా లేవు కదా.

లక్ష్మి, అట్లాంటా

బొటనవేలు జాగ్రత్త. క్లిప్ నింపేటప్పుడు కుడి అరచేతి అంచుని రాడ్ పిడికి ఆనించి వెనక్కి ఆపి ఉంచండి, అదే చేతి బొటనవేలితో క్లిప్ పైన నొక్కండి. క్లిప్ లోపల పట్టుకోగానే బోల్ట్ విడుదలవుతుంది. వేలు పైకి తీసి, చెయ్యి తప్పించండి, బోల్ట్ ముందుకెళ్లి మూసుకుంటుంది. అప్పుడప్పుడూ కొంచెం తట్టుకుని ఆగుతుంది, అరచేత్తో రాడ్‌ని ముందుకి తట్టాలి. నిజానికి ఎక్కువమంది వేళ్లు నలిగేది నింపేటప్పుడు కాదు, శుభ్రం చేసేటప్పుడు. క్లిప్ లేకుండా బోల్ట్ వెనక్కి ఆగి ఉంటుంది, తూటాల్ని పైకి తోసే లోపలి పలకని, అంటే ఫాలోవర్‌ని, వేలితో నొక్కి చూస్తారు. అంతే, బోల్ట్ వచ్చి గోరు మీద పడుతుంది.

ఒక్కటే తూటా కాల్చాలనుకుంటే ఛాంబర్లో చేత్తో వేసి బోల్ట్ వదిలేయకండి. గరాండ్‌లో ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ లేకుండా వదులుగా ఉంటుంది, బోల్ట్ జోరుగా మూసుకున్నప్పుడు ప్రైమర్‌ని తాకుతుంది. ప్రైమర్ మెత్తటిదైతే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. ఒక్కో తూటాకి వేరే క్లిప్ లాంటి పరికరం అమ్ముతారు, అది కొనుక్కోండి.

బాపట్ల బుల్లోడు, మసాచుసెట్స్

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్ల మ్యూజియం, టికెట్ లేదు. బోస్టన్ వచ్చినవాళ్లు అటు కూడా చూసి వెళ్లండి. మా అమ్మానాన్నని తీసుకెళితే మా నాన్న యంత్రాల దగ్గర, ముఖ్యంగా తుపాకీ స్టాకులు చెక్కే పాత లేత్ దగ్గర నిలబడిపోయారు, ఆయన రిటైర్డ్ టర్నర్.

శ్రీను గారూ, దసరాకి ఆయుధ పూజలో పెడతారా?

పాలకొల్లు శ్రీను

పెట్టకుండా ఉంటానా! పోయినేడు కారు, లాప్‌టాప్, లాన్ మోవర్ పెట్టాం. సేఫ్‌కే బొట్టు పెడదామంటోంది మా ఆవిడ.

చెక్కకి ఏం రాయాలో చెప్పండి. బాగా ఎండిపోయినట్టుంది.

ఒహాయో రమణ

అవిసె నూనె. సైన్యంలో కూడా అదే రాసేవారు. పల్చగా అరచేత్తో రుద్ది, అరగంట ఆగి మిగిలింది తుడిచెయ్. ఇసుక కాగితం దగ్గరికే వెళ్లకు, ఆ గద్ద ముద్ర పోయిందంటే కొన్న ధరలో పెద్ద ముక్క పోయినట్టే. సొట్టలు ఉండనీ. నూనె తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి గ్యారేజీలో పడేయకు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉంటే దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టి అప్పుడు చెత్తలో వెయ్.

కదిలే చోట్ల నూనె కాదు, గ్రీజు. బోల్ట్ చెవుల మీద, రాడ్ జారే గాడిలో అగ్గిపుల్లతో తీసినంత. చేతి చెమటకి మీ టెక్సాస్ ఎండాకాలంలో లోహం మీద వేలిముద్రలే తుప్పవుతాయి, సేఫ్‌లో పెట్టేముందు నూనె గుడ్డతో తుడువు.

వీలైతే ఎప్పుడైనా గరాండ్ మ్యాచ్‌కి రా. ఎండాకాలంలో మా ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో పెద్దది జరుగుతుంది, మీ వైపు క్లబ్బుల్లో కూడా చిన్నవి పెడతారు. 200 గజాలు. ముందు సరిచూసుకోవడానికి ఐదు, తర్వాత పడుకుని నిదానంగా పది, 80 సెకన్లలో పది, నిలబడి పది. ఆ 80 సెకన్లలో రెండు గుళ్ల క్లిప్‌తో మొదలుపెట్టి, మధ్యలో ఎనిమిది గుళ్ల క్లిప్ ఎక్కించాలి. పక్కన డెబ్భై ఏళ్ల తాతలు తాపీగా కానిచ్చేస్తారు, మనకి చేతులు వణుకుతాయి.

మాధవరం మిలటరీ

దీపావళికి హ్యూస్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాను, విజిటర్ వీసా. శ్రీనూ, ఆ గరాండ్ ఒక్క క్లిప్ కాల్చనిస్తావా? ఆర్మీ వదిలాక రైఫిల్ పట్టుకున్నది లేదు.

ఎడిసన్ కుర్రాడు, న్యూజెర్సీ

బాబాయ్ గారూ, మీరు ఆర్మీలో ఎన్నేళ్లు చేసినా బీ2 వీసా మీద ఉన్నప్పుడు నేను పైన చెప్పిన నిబంధన మీకూ వర్తిస్తుంది. దారి ఉంది. టెక్సాస్‌లో బయటివాళ్లకి తక్కువ రోజుల హంటింగ్ లైసెన్స్ ఇస్తారు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, మీకు ఆ బెడద లేదనుకుంటా. మీ అబ్బాయిని లైసెన్స్ ముందు తీయమనండి, ప్రింటు జేబులో పెట్టుకుని పాస్‌పోర్ట్‌తో రేంజ్‌కి వెళ్లండి. ఆ రేంజ్‌కి ముందే ఫోన్ చేసి విజిటర్ వీసా, హంటింగ్ లైసెన్స్ అని చెప్పండి, కొన్ని రేంజ్‌లు సొంత రూల్స్‌తో ఒప్పుకోవు. లైసెన్స్ లేకుండా మాత్రం శ్రీను గారు రైఫిల్ మీ చేతికి ఇవ్వకూడదు, తెలిసి ఇస్తే ఆయన మీద కూడా కేసే.

పాలకొల్లు శ్రీను

బాబాయ్ గారూ, తప్పకుండా. లైసెన్స్ చూపించండి, క్లిప్ నేను నింపి ఇస్తా. హ్యూస్టన్ నుంచి నాలుగు గంటల డ్రైవ్, భోజనం మా ఇంట్లోనే.

మాధవరం మిలటరీ

నింపడం నేనే నింపుకుంటాను బాబూ, ఆ బొటనవేలి సంగతి చదివాను. లైసెన్స్ పని మా వాడికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతా.

లక్ష్మి, అట్లాంటా

శ్రీను గారూ, ఆయన వచ్చేలోపు క్లిప్పులు ఇంకో పది పన్నెండు తెప్పించి పెట్టుకోండి. గడ్డిలో ఎగిరి పడ్డాక సగం దొరకవు.